ఇంట్లో ఏమీ లేదట!

సాయంత్రం ఏడు దాటిందంటే ఈ కాలం ఇళ్ళలో ఒకటే పాట. "ఇంట్లో ఏమీ లేదు, ఏం వండను?" హైదరాబాదు నుంచి ఫోన్ చేసి మా అమ్మాయి అదే అంటుంది. జగ్గయ్యపేటలో మా పక్కింటి కోడలు గోడ మీంచి అదే అంటుంది. నందిగామలో మా తమ్ముడి కోడలు, పాపం ఉద్యోగం చేసి అలిసి వస్తుంది, ఆ పిల్లా అదే అంటుంది. సరే, ఏమీ లేదంటున్నారు కదా అని వెళ్ళి చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయి. ఫ్రిజ్ తలుపు తీస్తే సీసాలు దొర్లి మీద పడతాయి. ఎర్ర సాసు, పచ్చ సాసు, నల్ల సాసు. సగం వాడి మూత బిగించిన మయొనీజ్. ఎవరి పుట్టినరోజుకో తెచ్చిన చీజు ముక్కలు. అరల్లో ఓట్సు, కార్న్‌ఫ్లేక్స్, పాస్తా, నాకు పేరు తెలియని గింజలేవో. కందిపప్పు మాత్రం డబ్బా అడుక్కి చేరి ఉంటుంది. చింతపండు గట్టిపడి గోరుకి దిగదు. ఊరందరికీ పెట్టేంత సరుకు అరల్లో పెట్టుకుని ఏమీ లేదని ఎలా అనబుద్ధవుతుందో నాకు అంతుపట్టదు.

మా రోజుల్లో కూర లేని పూట కొత్తేం కాదు. అసలు రాత్రిపూట కూర ఉంటేనే విశేషం. అయినా ఎవరూ ఖాళీ కడుపుతో పడుకోలేదు, ఎవరూ ఏమీ లేదనలేదు. పొయ్యి మీద ఎసరు పెడితే అది మరిగి, అన్నం ఉడికి, గంజి వార్చేలోగా కలుపుకోవడానికి ఒకటి, పోసుకోవడానికి ఒకటి సిద్ధమైపోయేవి. నంజుకోవడానికి జాడీలు ఎలాగూ ఉన్నాయి.

మా కృష్ణా జిల్లా అనగానే బయటివాళ్ళకి పచ్చటి వరిచేలు, కాలువ గట్లు, కొబ్బరిచెట్లు గుర్తుకొస్తాయి. అది గుడివాడ, అవనిగడ్డ, దివిసీమ వైపు సంగతి. మాది మెట్ట. (2022 ఏప్రిల్ నుంచి మమ్మల్ని ఎన్టీఆర్ జిల్లాలో కలిపారు. జిల్లా పేరు మారింది గానీ నేల మారలేదు, నా నోటికి ఇంకా కృష్ణా జిల్లా అనే వస్తుంది.) జగ్గయ్యపేట, వత్సవాయి, పెనుగంచిప్రోలు, నందిగామ, చందర్లపాడు, అంతా నల్లరేగడీ సున్నపురాయీ. ఆ సున్నపురాయి కోసమే సిమెంటు ఫ్యాక్టరీలు ఇక్కడికి వచ్చాయి. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తండ్రి పేరు నిలబెట్టడానికి జగ్గయ్యపేట కట్టించాడు గానీ నీళ్ళు మాత్రం తేలేకపోయాడు. పక్కనే ముక్త్యాల, వేదాద్రి దగ్గర కృష్ణ నిండుగా పారుతున్నా మా పొలాలు ఎత్తున ఉండి నీళ్ళు అందేవి కావు. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకి నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ నల్లగొండ, ఖమ్మం పొలాలన్నీ తడిపి చివరికి మా వైపు రావాలి. చివరి భూముల వాళ్ళ బాధ చివరి భూముల వాళ్ళకే తెలుసు.

అందుకని మా ఇళ్ళలో ఉండేవి మెట్ట పంటలు. కందులు, జొన్నలు, ఉలవలు, పెసలు, నువ్వులు, ఆముదాలు, మిరపకాయలు. చెరువు కింద చెక్క ఉన్నవాడికి కాసిని వడ్లు. ఊళ్ళో చింతచెట్లకి కొదవలేదు. మా వంటింటి జాబితా రాసింది ఆ నేలే. కొట్టుకి వెళ్ళి కొనేది ఉప్పు, బెల్లం, పసుపు, ఇంగువ, కిరసనాయిలు. బందరు వైపు నుంచి గంపల్లో ఎండురొయ్యలు వస్తే తినేవాళ్ళు అవీ కొని, వేయించి, కారం వేసి దంచి డబ్బాలో పోసి పెట్టుకునేవాళ్ళు.

రాత్రి వంట తొందరగా అయ్యేదంటే మేమేదో కిటుకు కనిపెట్టామని కాదు. కట్టె అలాంటిది. కంది కొట్టి గింజ తీసుకున్నాక మిగిలిన కట్టెని మోపులు కట్టి దొడ్లో నిలబెట్టేవాళ్ళం. పత్తి వచ్చాక పత్తికట్టె కూడా. అది భగ్గున మండుతుంది, చప్పున ఆరిపోతుంది. దాని మీద ఎక్కువసేపు ఉడికేది పెట్టుకున్నామా, పొయ్యి ముందు కూర్చుని పుల్లలు ఎగదోస్తూ కళ్ళు ఎర్రబడేదాకా ఊదుకోవాల్సిందే. తుమ్మ మొద్దులు ఉండేవి గానీ అవి పెళ్ళికో, ఉలవలు ఉడకబెట్టడానికో. పైగా దీపానికి పోసే కిరసనాయిలు కూడా లెక్కే. చీకటి పడే వేళకి వంటయి, దీపం పెట్టేసరికి కంచాలు వెయ్యాలి.

మిరపకాయ కోతల రోజులు ఇంకా కష్టం. పగలంతా కాయలు కోసి, తొడిమలు తీసి వచ్చిన చేతులు రాత్రికి మండిపోయేవి. మజ్జిగలో ముంచేవాళ్ళు, ఆముదం రాసుకునేవాళ్ళు, అయినా తగ్గేది కాదు. ఆ చేతులతో కూర తరగమంటే ఎవరు తరుగుతారు? చింతపండు పిసకమన్నా కష్టమే. అలాంటి రాత్రుల్లో కందిపొడి డబ్బా దింపి, వేడన్నంలో పొడి, నువ్వులనూనె వేసి, పైన పచ్చి ఉల్లిపాయ పెట్టి పిల్లలకి ముద్దలు పెట్టేసేవాళ్ళు. పెద్దాళ్ళు చివర మజ్జిగ పోసుకుని లేచేవాళ్ళు. దాన్ని ఎవరూ వంట అనుకోలేదు. భోజనం అనుకున్నారు.

ఇక చేతులు మండని రోజుల్లో మా ఇంటి రాత్రి భోజనానికి రాణి కందిపచ్చడి, పక్కన పచ్చిపులుసు. ఈ రెండింటి గురించి చెప్పకుండా నేను ఊరుకోలేను, ఎందుకంటే వీటిని ఎవరో ఆవిడ కొత్తగా కనిపెట్టినట్టు చేస్తున్న వీడియో మా మనవరాలు ఫోన్లో చూపించింది, అందులో తప్పులున్నాయి.

గుప్పెడు కందిపప్పుని మూకుట్లో నూనె చుక్క లేకుండా సన్నటి సెగ మీద వేయించాలి. ఇక్కడే ఓపిక కావాలి. మంట పెంచితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది, పచ్చడంతా చేదు. గింజ లోపలి దాకా ఎర్రబడి, వీధిలో పోయేవాళ్ళకి వాసన తగలాలి. దించే ముందు ఎండుమిరపకాయలు, జీలకర్ర అదే వేడిలో వెయ్యాలి. తరవాత ఉప్పు, నాలుగు వెల్లుల్లి రేకులు, చిన్న చింతపండు రెబ్బ వేసి రోట్లో నూరడమే. నీళ్ళు చిలకరించాలి గానీ పొయ్యకూడదు. మెత్తగా గంధం చెయ్యకూడదు, పంటికి పలుకు తగలాలి. ఫోన్లో ఆవిడ మిక్సీలో గరగరా తిప్పి దోసెల పిండి చేసి చూపించింది. అది కందిపచ్చడి కాదు. ఏమిటో నాకు తెలియదు.

పచ్చిపులుసుని పొయ్యి మీద మరిగించే పని లేదు. చింతపండు నానబెట్టి పిసికి, పిప్పి తీసేసి, చిక్కగా కాకుండా పలచగా కలుపుకోవాలి. ఉల్లిపాయ సన్నగా తరిగి ఉప్పుతో చేత్తో నలిపి వెయ్యాలి. రెండు ఎండుమిరపకాయలు నిప్పుల మీద కాల్చి చిదమాలి. బెల్లం ముక్క, కొత్తిమీర ఉంటే కొత్తిమీర. తాలింపు పెడితే పెట్టుకోవచ్చు, మా అమ్మ పెట్టేది కాదు, మా అత్తగారు పెట్టేవారు. ఈ ఒక్క విషయంలో మాత్రం అత్తగారిదే రైటు.

వేడన్నంలో కందిపచ్చడి, నెయ్యి వేసి కలిపి, ఆ ముద్ద మీద పచ్చిపులుసు పోసుకుని తినాలి. పచ్చడిలో వేపుడు కమ్మదనం, పులుసులో పచ్చి పులుపు. పచ్చడి గట్టి, పులుసు జారు. ఒకటి తింటే రెండోది అడుగుతుంది నోరు. బియ్యంలో తక్కువైన మాంసకృత్తుల పాలు పప్పులో ఉంటుందనీ, పప్పులో తక్కువైంది బియ్యంలో ఉంటుందనీ, రెండూ కలిస్తే నిండుభోజనమనీ మా మనవరాలే పాఠంలో చదివి నాకు చెప్పింది. చెప్పి, రాత్రికి బర్గరు తెప్పించుకుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఈ పది నిమిషాల వంట వెనక ఒక ఏడాది పని ఉంది. వీడియోల్లో ఎవరూ చూపించనిది అదే. వాళ్ళు "పదిహేను నిమిషాల్లో రెడీ" అంటారు. పప్పు డబ్బాలోకి ఎలా వచ్చిందో ఆ పదిహేను నిమిషాల్లో లెక్కలేదు.

సంక్రాంతి దాటాక కంది ఇంటికొచ్చేది. కందులు నానేసి, ఎండేసి, తిరగలిలో విసిరి, చేటతో చెరిగి పొట్టు తీసి, పప్పుకి ఆముదం పట్టించి కుండల్లో పోసి మూతికి గుడ్డ కట్టాలి. ఆముదం రాయకపోతే పురుగు పడుతుంది. పొట్టు, నూక పారేసేది లేదు, గేదెకి. మాఘ ఫాల్గుణాల్లో చింతపండు. కాయ రాలగొట్టి, పెంకు తీసి, ఈనె లాగి, గింజ కొట్టి, ఉప్పు చల్లి ముద్దలు చేసి జాడీలో కుక్కాలి. వీధి అరుగుల మీద ఆడవాళ్ళందరూ చేరి గింజ కొట్టేవాళ్ళు, ఊళ్ళో కబుర్లన్నీ అక్కడే తేలేవి. అదే రోజుల్లో పండుమిరపకాయ వస్తే ఉప్పు, చింతపండు వేసి తొక్కి కొరివికారం. గోంగూర పచ్చడి. మిరపకాయలు ఎండాక కారం కొట్టించడం, కారపొడులు కొట్టుకోవడం. చైత్ర వైశాఖాల్లో ఎండ దంచికొడుతుంటే వడియాలు, ఊరమిరపకాయలు. ఆ తరవాత మామిడికాయ, ఆవకాయ, మాగాయ. జ్యేష్ఠంలో మొదటి వాన పడేసరికి ఇల్లు నిండిపోయేది. ఇంక ఏ రాత్రి ఎవరొచ్చినా, ఎంత ఆలస్యమైనా, ఎసరు పెట్టడమే.

పెనుగంచిప్రోలు తిరపతమ్మ తిరునాళ్ళకి వెళ్ళి ఎడ్లబండి మీద రాత్రి ఎప్పుడో ఇంటికి చేరితే మా అత్తగారు బండి దిగుతూనే "నూకలు పొయ్యి" అనేవారు. బియ్యం జల్లించగా వచ్చిన నూకలు ఎప్పుడూ ఒక కుండలో ఉండేవి. ఇత్తడి గిన్నెలో నూనె వేసి ఆవాలు, మినప్పప్పు, ఎండుమిరపకాయలు, కరివేపాకు వేయించి, ఎసరు పోసి, అది కాగాక గుప్పెడు పెసరపప్పు, నూకలు పోసి, నిప్పులు పక్కకి లాగి మూత పెట్టి వదిలేయడమే. కాళ్ళు కడుక్కుని, పిల్లల్ని లేపి, విస్తళ్ళు వేసేలోగా ఉప్పుడుపిండి తయారు. అడుగున కట్టిన మాడుచెక్క కోసం పిల్లలు కొట్టుకునేవాళ్ళు. ఇప్పటి నాన్‌స్టిక్ గిన్నెల్లో అడుగు కట్టదు. మంచిదే అంటారు. మాడుచెక్క ఎక్కడినుంచి వస్తుందో చెప్పమనండి.

ఉలవచారు మాట ఎత్తకపోతే మా మెట్టవాళ్ళు నన్ను వెలేస్తారు. ఉలవలు మాకోసం ఉడకబెట్టినవి కావు, ఎడ్లకోసం. దుక్కి రోజుల్లో ఎడ్లకి బలానికి ఉలవలు పెట్టాలి. పెద్ద కుండలో తుమ్మమొద్దుల మీద గంటలకొద్దీ ఉడికిన ఉలవలు ఎడ్లకి, వార్చిన కట్టు మాకు. ఆ కట్టులో చింతపండు పులుసు, ఉల్లిపాయ, మిరపకాయ వేసి చిక్కబడేదాకా కాచి ఉంచితే రోజూ ఒకసారి వెచ్చబెట్టుకుంటూ నాలుగైదు రాత్రులు వాడుకోవచ్చు. వెన్నపూస వేసుకుని తింటే ఇంకేం అక్కర్లేదు. ట్రాక్టర్లొచ్చాయి, ఎడ్లు పోయాయి. ఎడ్లతో పాటే ఉలవకుండా పోయింది. ఇప్పుడు అదే ఉలవచారు సీసాల్లో అమ్ముతున్నారు, పెళ్ళిళ్ళలో బిర్యానీలో కూడా కలుపుతున్నారు. ఎడ్లు తాగాల్సిన కుండలోంచి వచ్చిన చారుకి ఇంత వైభవం వస్తుందని మా మామగారు కలలో కూడా అనుకుని ఉండరు.

జొన్నన్నం సంగతి మాత్రం నేను పొగడను. జొన్నలు దంచి, చెరిగి, మళ్ళీ దంచి, ఉడకబెట్టడం ఎంత పనో మా అమ్మ చేతులు చూసినదాన్ని. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమని ప్రకటిస్తే, మన కేంద్ర బడ్జెట్లో వాటికి శ్రీ అన్న అని పేరు పెట్టారు. బాగానే ఉంది. ఆ శ్రీ అన్నాన్ని దంచిన వాళ్ళు మాత్రం వరన్నం ఎప్పుడు దొరుకుతుందా అని ఎదురుచూశారు. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చినప్పుడు కార్డు పట్టుకుని వరసలో నిలబడ్డ కూలి ఆడవాళ్ళ మొహాలు నేను చూశాను. రోకలి మూల పడిందన్న సంతోషం అది. రాత్రిపూట తొందరగా అన్నం ఉడకడం మా వైపు పేద ఇళ్ళకి నిజంగా వచ్చింది అప్పుడే.

అదే 1983లో రెండు నిమిషాల మ్యాగీ కూడా మన దేశంలోకి వచ్చింది. రెండు రూపాయల బియ్యం ఒక పక్క, రెండు నిమిషాల నూడుల్స్ ఒక పక్క. మొదట్లో అది పట్నం పిల్లల సరదా. ఇప్పుడు మా ఊరి బడ్డీకొట్టులో కూడా దండలుగా వేలాడుతుంది. అంతకు మూడేళ్ళ ముందు, 1980లో, ప్రియా పచ్చళ్ళు మొదలయ్యాయి. మా అత్తగారు మొదటిసారి ఆ సీసా చూసి అటూ ఇటూ తిప్పి, "పచ్చడి కూడా కొనుక్కుంటారుటే?" అని అడిగారు. అమెరికా వెళ్ళే పిల్లలు కొనుక్కుంటారని చెప్పాను. "పాపం" అన్నారు. ఆవిడ ఉండి ఉంటే ఇప్పుడు పేటలో సొంతిల్లున్న వాళ్ళు ఆవకాయ కొనడం చూసి ఏమనేవారో.

గ్యాస్ గురించి, కుక్కర్ గురించి, మిక్సీ గురించి నేను ఒక్క మాట తప్పుగా అనను. మా వయసు మగవాళ్ళు కొందరు కట్టెపొయ్యి మీద వండిన రుచే వేరని నిట్టూరుస్తుంటారు. ఊదింది వాళ్ళు కాదు కదా! 1999లో దీపం పథకం కింద పల్లెటూరి ఆడవాళ్ళకి గ్యాస్ కనెక్షన్లు ఇచ్చారు. పొగ లేని వంటిల్లు అంటే ఏమిటో చాలామందికి అప్పుడు తెలిసింది. రోలు దేవుడి గదికి పంపించి మిక్సీకి దణ్ణం పెట్టినదాన్ని నేను. నా గొణుగుడంతా ఇంకోచోట ఉంది. కట్టె పోయింది, పొగ పోయింది, తిరగలి పోయింది, దంపుడు పోయింది. మిల్లులో బాగు చేసిన కందిపప్పు, గింజ తీసిన చింతపండు ప్యాకెట్లలో కొట్టుకొచ్చాయి. మాకు ఏడాది పట్టిన పని మీకు ఒక్క పూటలో అయిపోతుంది. అంత తేలికైన రోజుల్లో రాత్రి వంట కష్టమైపోయిందంటారేమిటి?

పేటలోనూ నందిగామలోనూ పొద్దుగూకితే కర్రీ పాయింట్ల ముందు స్కూటర్లు బారులు తీరతాయి. కూర కొనుక్కోవడం నాకు అర్థమవుతుంది. ఫ్యాక్టరీలో షిఫ్టు దిగొచ్చినవాడు, ఒంటరిగా ఉండే కుర్రాడు, ఒంట్లో బాలేని ఇల్లాలు, వాళ్ళకి అది అక్కరే. కానీ పప్పు కొనుక్కోవడం చూస్తే నా ప్రాణం ఉసూరుమంటుంది. కందిపంట పండే నేల మీద నిలబడి, వేడి వేడి పప్పు పల్చటి ప్లాస్టిక్ సంచిలో పోయించుకుని, దానికి దారం కట్టించుకుని ఇంటికి తీసుకెళ్ళడమా? ఆ బండి స్టాండు వేసి, వరసలో నిలబడి, చిల్లర కోసం వాదించి, ఇంటికొచ్చి సంచి విప్పేలోగా కుక్కర్లో పప్పు మూడు కూతలు కూసి ఉండేది.

హైదరాబాదులో ఇంకో రకం. మా అమ్మాయి ఫోన్లో వెతుకుతుంది. బిర్యానీనా, నూడుల్సా, పిజ్జానా అని నలుగురూ నాలుగు మాటలంటారు. ఆ ఎంపికకే అరగంట. వచ్చేందుకు ఇంకో ముప్పావు గంట. ఆ కుర్రాడు వర్షంలో దారి తప్పితే ఇంకొంచెం. చివరికి తినేసరికి రాత్రి తొమ్మిదిన్నర. తొందరగా అవుతుందని తెప్పించుకున్నారట!

మనవరాలు నన్ను ఊరుకోబెట్టడానికి అప్పుడప్పుడు లోకం సంగతులు చెబుతుంది. "అమ్మమ్మా, ఇటలీ వాళ్ళు కూడా నీలాగే. వెల్లుల్లి, ఎండుమిరపకాయ నూనెలో వేయించి ఉడికిన సేమ్యాల్లాంటి వాటిలో కలిపేసుకుంటారు, అంతే వాళ్ళ రాత్రి భోజనం." అవునా, అయితే వాళ్ళు బుద్ధిమంతులే అన్నాను. జపాను వాళ్ళు మిగిలిన అన్నం మీద వేడి టీ నీళ్ళు పోసుకుని, ఉప్పులో ఊరేసిన పుల్లటి పండు నంజుకుని తింటారట. మన చారన్నం, ఊరగాయే కదా! డాలస్‌లోనూ న్యూజెర్సీలోనూ మనవాళ్ళు సూట్‌కేసులో కందిపొడి, కారప్పొడి మోసుకెళ్ళి మంచు కురిసే రాత్రుల్లో అవే తింటున్నారు. ఇన్ని దేశాల వాళ్ళకి తెలిసిన సంగతి పేట నుంచి హైదరాబాదు వెళ్ళేలోగా, అదీ బస్సులో నాలుగు గంటల దారి, మన పిల్లలు ఎక్కడ పారేసుకున్నారో.

2024 సెప్టెంబరు ఒకటో తేదీ మా వైపు వాళ్ళెవరూ మరచిపోరు. ముందురోజు నుంచీ ఆగని వాన. మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరం వద్ద హైవే మీదికి వచ్చేసింది. ఇటు తెలంగాణ సరిహద్దులో పాలేరు ఉరకలెత్తింది. హైదరాబాదు, విజయవాడ మధ్య రాకపోకలు ఆగిపోయాయి. పేటలో పల్లపు వీధుల్లో ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. అంతకుముందు ఏడాది జూలైలో కూడా ఐతవరం దగ్గర ఇలాగే దారి మునిగింది. పాల ప్యాకెట్ లేదు, కూరగాయల బండి లేదు, కర్రీ పాయింట్లు తెరవలేదు, కరెంటు లేక ఫ్రిజ్ కూడా ఒట్టి బీరువా అయింది. మా ఇల్లు మెరక మీద ఉంది కాబట్టి మేం బాగానే ఉన్నాం. ఆ రాత్రి మా పక్కింటి కోడలు గోడ దగ్గరికి వచ్చి, "పిన్నిగారూ, ఇంట్లో ఏమీ లేదండీ" అంది. మొదటిసారి ఆ మాట నిజం. కందిపొడి, కొరివికారం, వడియాలు గిన్నెల్లో పెట్టి గోడ మీంచి అందించాను. మర్నాడు పొద్దున్నే వచ్చి పొడి ఎలా కొట్టాలో అడిగింది. ఆ అమ్మాయి మంచిది. ఫోన్లో రాసుకుంది కూడా. తరవాత చేసిందో లేదో నేను అడగలేదు, అడిగితే నొచ్చుకుంటుంది.

మా రోజులన్నీ బంగారమని చెప్పను. ఆ జాడీలన్నీ నింపింది ఆడవాళ్ళ నడుములే. ఎండాకాలం అంతా మేడ మీద వడియాల దగ్గర కాకుల్ని తోలుతూ గడిపిన ఆడపిల్లకి చదువు ఎక్కడ సాగుతుంది? నూజివీడులో పుట్టిన మాలతీ చందూర్ వంటల పుస్తకాలు రాస్తూనే ఆడవాళ్ళని చదవమనీ ఉద్యోగాలు చెయ్యమనీ చెప్పారు. మా తరం ఆవిడ రాసిన వంటలు చేసింది, చెప్పిన రెండో మాటని కూతుళ్ళ దాకా అట్టే పెట్టింది. ఇప్పుడు ఆ కూతుళ్ళు ఉద్యోగాల నుంచి అలిసి వస్తున్నారు, వాళ్ళని తిరగలి ముందు కూర్చోమనేంత కఠినురాలిని కాను. ఇంకో మాట, ఊరగాయల్లో ఉప్పు ఎంత ఉంటుందో నాకు బీపీ వచ్చాక డాక్టరు గారు వివరంగా చెప్పారు. ఆవకాయ ఇప్పుడు నాకు చూడ్డానికే. కూర లేకపోతే మొహం ముడుచుకునే మగవాళ్ళు అప్పుడూ ఉన్నారు. "ఇవాళ కూడా కందిపచ్చడేనా?" అని మా ఆయన అనేవారు. అని, రెండోసారి అన్నం వడ్డించుకునేవారు.

కాబట్టి అమ్మాయిలూ, అబ్బాయిలూ (వంట మీకూ వచ్చి తీరాలి, ఈ ఒక్కటి మాత్రం మా రోజుల్లో లేకపోవడం నాకు ఒప్పుకోలు కాదు), ఏడాది పని అడగను, ఒక ఆదివారం సాయంత్రం అడుగుతున్నాను. కిలో కందిపప్పు తెచ్చి అందులో సగం కమ్మగా వేయించి పొడి కొట్టుకోండి, మిగతా సగం పచ్చడికీ పప్పుకీ ఉంటుంది. ఒక సీసాలో బియ్యపు రవ్వ, ఒక సీసాలో పెసరపప్పు, నాలుగు ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, ఉల్లిపాయలు. ఇంతే. సాసు సీసాలకి చోటు చాలకపోతే వాటిలో ఒకదాన్ని తీసి పారెయ్యండి, గడువు తేదీ ఎలాగూ దాటే ఉంటుంది. కొత్త చింతపండు శివరాత్రి నాటి నుంచి కొట్లలో కనిపిస్తుంది. ఎరుపు తిరిగి ఉన్నది తీసుకోండి, నల్లబడ్డది పాతది, పులుసు రంగు పాడవుతుంది. కొనేటప్పుడు గింజ తీసిందే అడగండి, గింజతో తెచ్చుకుంటే మీరు కొట్టరు.